దాలినాయుడి తప్పనిసరి విశ్రాంతి

తాను అలసిపోయానన్న సంగతి దాలినాయుడికి ఒక సోమవారం పొద్దున్న ఐదుంబావుకి, చింతలగెడ్డ మున్సిపల్ మైదానం గేటు దగ్గర తెలిసింది. చెప్పినవాడు అటెండరు పెంటయ్య. గేటు సగం తెరిచి, ఆ సగానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఒక కాగితం ఉంది.

"మీరు అలిసిపోనారు నాయుడు గారూ," అన్నాడు పెంటయ్య.

దాలినాయుడు సైకిలు దిగాడు. హ్యాండిలుకి సున్నం సంచి వేలాడుతోంది. వెనక స్టాండు మీద మోకాలి పట్టీల మూట ఉంది.

"నానా? ఎప్పుడు?"

"పద్దెనిమిదో తారీకు నుంచి. కాయితంలో రాసినారు."

"నాకేటీ నీరసం నేదు పెంటయ్యా. ఇప్పుడే ఆరు కిలోమీటర్లు తొక్కుకొచ్చినాను."

"అదే మరి. అలా తొక్కుకొచ్చినోళ్లకే ఇచ్చినారు."

లోపల పన్నెండు మంది అమ్మాయిలు వరసగా నిలబడి గేటు వైపు చూస్తున్నారు. దాలినాయుడు బస్సు డిపోలో టైర్ల సెక్షన్లో మెకానిక్. పంతొమ్మిదేళ్లుగా, షిఫ్టుకి ముందు, ఐదున్నర నుంచి ఏడు దాకా ఆడపిల్లలకి కబడ్డీ నేర్పుతున్నాడు. జీతం లేదు. ఆ పంతొమ్మిదేళ్లలో అతని జట్టు మొదటిసారి జోనల్ ఫైనల్‌కి చేరింది. ఫైనల్ ఇంకా ఇరవై ఏడు రోజులుంది.

అతన్ని అలసినవాడిగా ప్రకటించింది ఔత్సాహిక క్రీడా శిక్షకుల సంక్షేమ మండలి. దానికో కారణం ఉంది. అంతకు ముందు ఏడాది పక్క జిల్లాలో ఒక వాలీబాల్ శిక్షకుడు సన్మాన సభలో మైకు అందుకుని "నేను బాగా అలసిపోయాను" అన్నాడు. ఆ మాట పేపర్లో వచ్చింది. సభ మూడో అంతస్తులో జరిగిందని, ఆ రోజు లిఫ్టు పనిచేయలేదని తరవాత తెలిసింది. అప్పటికి పథకం మంజూరైపోయింది.

పథకంలో మొదటి పని నలభై ప్రశ్నల పత్రం. దాలినాయుడు దాన్ని కిందటి నెలే టైర్ల షెడ్డులో కూర్చుని ఒక మధ్యాహ్నమంతా నింపాడు. భోజనం చేసేటప్పుడు ఆట గుర్తుకొస్తుందా? వస్తుంది. మ్యాచ్ ముందు రోజు నిద్ర పడుతుందా? పట్టదు. ఆటగాళ్ల పేర్లు ఎన్ని గుర్తున్నాయి? అతను పంతొమ్మిదేళ్ల పేర్లు రాశాడు. స్థలం చాలక పత్రానికి ఇంకో కాగితం కుట్టాడు.

ఆ పత్రమే కొంప ముంచింది.

*

ఆ రోజే మండలి కార్యాలయంలో శ్రేయస్సు అధికారి సుందరేశం అతన్ని కూర్చోమన్నాడు. సుందరేశం మత్స్య శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చాడు. గోడ మీద ఇంకా రొయ్యల పటం ఉంది.

"మీ శ్రేయస్సు సూచిక నూటికి ముప్పై ఒకటిగా నమోదైంది," అన్నాడు సుందరేశం. "డెబ్బైకి లోపు సూచిక గల శిక్షకులు తప్పనిసరి విశ్రాంతిలో ఉండవలసిందిగా ఉత్తర్వులు. ఇరవై ఒక్క రోజులు. ఆ కాలంలో మైదానం గేటుకు రెండు వందల మీటర్ల లోపు సంచరించరాదు. ఆట ధ్వని చెవిన పడినచో విశ్రాంతి భంగమగునని నిపుణుల అభిప్రాయం."

"బాబూ, నాకేటైనా జబ్బా?"

సుందరేశం పత్రం తిరగేశాడు. "ఇరవై మూడో ప్రశ్న. వేతనం లేని ఈ పనిని మీరు ఎందుకు చేస్తున్నారు? ఆర్థిక అవసరం, పై అధికారుల ఆదేశం, అలవాటు, తెలియదు అని నాలుగు సమాధానాలు ఇచ్చాం. మీరు నాలుగూ కొట్టేసి పక్కన స్వహస్తంతో 'బాగుంటాది' అని రాశారు. ఈ సమాధానం మండలిని కలచివేసింది."

"బాగుంటాది కాబట్టి రాసినాను. మరేటి రాయాల?"

"వేతనం లేకుండా, ప్రతిరోజూ, ఇష్టపూర్వకంగా. ఈ మూడు లక్షణాలూ ఒకే వ్యక్తిలో కానవస్తే దాన్ని మా మార్గదర్శకాల్లో మూడో దశ అనురక్తి అంటారు."

"నాలుగో దశ ఏటి బాబూ?"

"లేదు. అంతవరకూ ఎవరినీ వెళ్లనివ్వం. చెరువులో చేపలు తేలాక నీళ్లు పరీక్షించి ఏం ప్రయోజనం?"

దాలినాయుడు రొయ్యల పటం వైపు చూసి, మళ్లీ అధికారి వైపు చూశాడు. "మరి ఫైనల్ ఉంది బాబూ. బెంచీ మీద సర్టిఫికెట్టున్న కోచ్ నేకపోతే ఆట ఆడకుండానే అవతలోళ్లకి ఇచ్చేస్తారు."

సుందరేశం పెన్ను తీశాడు. "మ్యాచ్ విషయమై ఆందోళన వ్యక్తపరిచారు. ఇరవై తొమ్మిది."

"పంతొమ్మిదేళ్లకి మొదటిసారి పిల్లలు..."

"ఇరవై ఏడు."

దాలినాయుడు నోరు మూసుకున్నాడు. సుందరేశం కాసేపు ఎదురుచూశాడు. పెన్ను కదల్లేదు. మౌనానికి మార్కులు పోవని దాలినాయుడికి అప్పుడు అర్థమైంది.

"నిరాశ పడనవసరం లేదు," అన్నాడు సుందరేశం. "విశ్రాంతి ముగిశాక మౌఖిక పరీక్ష ఉంటుంది. మీ క్రీడాకారిణుల వాంగ్మూలం కూడా తీసుకుంటాం, శిక్షకుడిలో ఆసక్తి లక్షణాలు ఇంకా ఉన్నాయా అని. డెబ్బై దాటితే ధ్రువపత్రం ఇస్తాం. మీకు ఆదర్శం కావాలంటే త్రోబాల్ శిక్షకులు ఫణిభూషణ్ గారున్నారు. నూటికి నూరు. పన్నెండేళ్ల సర్వీసులో ఒక్క రాత్రి నిద్ర పోగొట్టుకోలేదు."

*

విశ్రాంతి మర్నాడు పొద్దున్న ఐదుంబావుకి తలుపు కొట్టింది. పెంటయ్యకి విశ్రాంతి పరిశీలకుడిగా అదనపు బాధ్యత అప్పగించారు. తలుపు తీసేదాకా కొట్టాడు.

"పడుకున్నారా నాయుడు గారూ?"

"పడుకున్నాను."

"అయితే ఇక్కడ సంతకం పెట్టండి."

ఆ సంతకం పెట్టాక దాలినాయుడికి మళ్లీ నిద్ర పట్టేది కాదు. భార్య సన్యాసమ్మ వంటింట్లో ఉంటే గడపలో కూర్చుని ఆమె కాళ్ల వైపు చూసేవాడు. మూడో రోజు ఆమె నీళ్ల బిందె ఎత్తుతుంటే "నడుం కాదు, మోకాళ్లు వంచాల. బరువు ముందు పాదం మీద ఉండాల" అన్నాడు. నాలుగో రోజు ఆమె పెంటయ్యని గుమ్మం దగ్గరే ఆపింది.

"పంతొమ్మిదేళ్లు పొద్దుటేల రెండు గంటలు ఈ ఇల్లు నాది. టీ తాగీదాన్ని, రేడియో ఇనుకునీదాన్ని. ఇప్పుడీయన ఎదురుగా కూకుని నాకు కబడ్డీ నేర్పుతున్నాడు. మరి నా సూచికెవులు రాస్తారు?"

"ఈ పథకం కోచ్‌లకేనమ్మా. పెళ్లాలకి రెండో విడత."

"ఆ రెండో విడత దాకా నీ రిజిస్టర్లో నన్ను రాసుకో. తప్పనిసరి విశ్రాంతి కావాల్సింది నాకు."

అయిదో రోజు దాలినాయుడు ఫణిభూషణ్ స్టేషనరీ కొట్టుకి వెళ్లాడు. సూచిక ఎలా పెరుగుతుందో నేర్పమని అడిగాడు.

ఫణిభూషణ్ యాభై ఏళ్ల మనిషి. కౌంటరు వెనక కుర్చీలో కూర్చుని పెన్సిళ్ల పెట్టె పక్కనున్న గోడ వైపు చూస్తున్నాడు. ఎవరైనా నేర్పమని అడగడం అతనికి పన్నెండేళ్లలో ఇదే మొదలు. కుర్చీ సర్దుకున్నాడు.

"మీ టీమ్‌లో ఎంతమంది పిల్లలు సార్?" అని అడిగాడు దాలినాయుడు.

"ఎవరూ లేరండి. ఆఖరి ఇద్దరూ నేను చేరిన ఏడాదే పెళ్లిళ్లయి వెళ్లిపోయారు."

"మరి రోజూ గ్రౌండ్‌కొచ్చి ఏటి సేత్తారు?"

"గ్యాలరీ నీడలో కూర్చుంటాను. నెలాఖరుకి 'పురోగతి సంతృప్తికరం' అని రిపోర్టు పంపుతాను. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు."

"ఆట చూడరా? మా పిల్లలు పక్కనే ఆడతారు కదా."

"చూస్తే ఏదో ఒకటి అనిపిస్తుందండి. అందుకని అటు తిరిగి కూర్చుంటాను." ఫణిభూషణ్ కౌంటరు తుడిచాడు. "మీరొక్క మాట నేర్చుకోండి. 'చూద్దాం.' ఎవరేమడిగినా అదే. మొదటి ఏడాది కష్టంగా ఉంటుంది. తరవాత అడిగేవాళ్లు ఉండరు."

దాలినాయుడు పదిహేను రోజులు ఆ మాట సాధన చేశాడు. డిపోలో ఫోర్‌మన్ మీద చేశాడు, మెమో వచ్చింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని సన్యాసమ్మ అడిగితే చేశాడు, కంచం తీసేసింది.

ఇరవయ్యో రోజు సాయంత్రం జట్టు కెప్టెన్ గౌరి టైర్ల షెడ్డుకి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల. కుంటుతోంది. దాలినాయుడు బస్సు చక్రానికి నట్లు బిగిస్తున్నాడు.

"సార్, ఎడం మోకాలు వాచిపోనాది. కూతకెళ్లినప్పుడు బాగానే ఉంటాది గానీ తిరిగొచ్చేటప్పుడు అడుగు పడ్డం నేదు. ఏటి సెయ్యమంటారు?"

దాలినాయుడికి ఏం చేయాలో తెలుసు. మోకాలు చూడకుండానే తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. రేపు మండలి ఈ పిల్లనే పిలిచి అడుగుతుంది. గౌరికి అబద్ధం చెప్పడం రాదు. నేర్పనివాడు అతనే.

"చూద్దాం," అన్నాడు.

గౌరి నిలబడింది. ఇంకేమైనా అంటాడేమోనని చాలాసేపు నిలబడింది.

"మీకు నిజంగానే బాగోనేదా సార్?"

దాలినాయుడు పానా తిప్పాడు. ఆమె వెళ్లిన చప్పుడు విన్నాడు. కుడి అడుగు పడుతోంది, ఎడమ అడుగు ఈడుస్తోంది. ఆమె గేటు దాటాక చూసుకుంటే, అంతకు ముందే బిగిసి ఉన్న నట్టుని మళ్లీ బిగిస్తున్నాడు. మర చెడిపోయింది.

*

మౌఖిక పరీక్షకి ముగ్గురు సభ్యులు కూర్చున్నారు.

"మీ జట్టు ఓడిపోతున్నది. మీ స్పందన?"

"చూద్దాం."

"గెలుస్తున్నది."

"చూద్దాం."

"మైదానానికి నిప్పంటుకున్నది."

"ఫైరింజనోళ్లు చూస్తారు."

సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అరవై రెండు మార్కులు వేశారు. సుందరేశం గౌరి వాంగ్మూలం చదివాడు. "సార్‌కి ఇప్పుడు మా ఆట మీద ఏమీ లేదు. మా మీద కూడా ఏమీ లేదు." దానికి తొమ్మిది మార్కులు వచ్చాయి. మొత్తం డెబ్బై ఒకటి.

"హార్దిక అభినందనలు," అన్నాడు సుందరేశం. "మీరు కోలుకున్నారు."

ధ్రువపత్రంతో పాటు చేతికి కట్టుకునే నాడి పట్టీ ఇచ్చాడు. మ్యాచ్ జరుగుతుండగా శిక్షకుడి నాడి తొంభై దాటితే పట్టీ మోగుతుంది. మోగితే బెంచీ వదిలి వెళ్లాలి. బెంచీ ఖాళీ అయితే మ్యాచ్ అవతలి జట్టుది.

దాలినాయుడు మెకానిక్. ఏ పరికరాన్నీ పరీక్షించకుండా వాడడు. పట్టీ కట్టుకుని షెడ్డులో బస్సు టైరు ఒకటి ఎత్తి, లెక్కపెట్టాడు. మళ్లీ ఎత్తి మళ్లీ లెక్కపెట్టాడు. పదిసార్లు ఎత్తినా ఒకటే ఫలితం. గుండె జోరుగా కొట్టుకోవడం మొదలయ్యాక ఆ సంగతి పట్టీకి తెలియడానికి నాలుగు సెకన్లు పడుతోంది.

ఆ రాత్రి ఒక పాత ట్యూబు కోసి, రెండు పొరలు వేసి, మోకాలి పట్టీ కుట్టాడు.

*

ఫైనల్ రోజు రెండు జట్ల శిక్షకులూ కోర్టుకి వీపు పెట్టి కూర్చున్నారు. అది మండలి సలహా. అవతలి శిక్షకుడు కళ్లు కూడా మూసుకుని మనసులో ఎక్కాలు చెప్పుకుంటున్నాడు. పదహారో ఎక్కం దగ్గర పెదవులు కదిలాయి. దాలినాయుడి పక్కన ఫణిభూషణ్‌ని కూర్చోబెట్టారు, ప్రశాంతత అతన్ని చూసి నేర్చుకోమని. అతని చేతికీ పట్టీ ఉంది. వీపు పెట్టాల్సిన అవసరం అతనికి లేదని, నూటికి నూరు వచ్చిన మనిషి ఎటైనా చూడవచ్చని సుందరేశం అన్నాడు. ఫణిభూషణ్ మొహమాటపడి కోర్టు వైపు కూర్చున్నాడు. సుందరేశం బెంచీ పక్కన కుర్చీలో రిజిస్టరు తెరిచాడు.

దాలినాయుడు చక్రం నట్లు తలుచుకున్నాడు. పది నట్లు. వరసగా బిగించకూడదు, ఎదురెదురుగా బిగించాలి. ఒకటి, ఆరు, మూడు, ఎనిమిది. పట్టీ డెబ్బై ఆరు చూపించింది. కానీ చెవులకి ఎవరూ పట్టీ కట్టలేదు. ఎవరు కూతకెళ్లారో గొంతుని బట్టి తెలుస్తోంది. ఎవరు జారారో మట్టి చప్పుడుని బట్టి తెలుస్తోంది. ఎడమ అడుగు ఈడుస్తున్నది ఎవరో అడక్కుండానే తెలుస్తోంది.

సగం ఆటకి జట్టు ఆరు పాయింట్లు వెనకబడి ఉంది. అమ్మాయిలు నీళ్లకి బెంచీ దగ్గరికి వచ్చారు. ఎవరూ అతనితో మాట్లాడలేదు. దాలినాయుడు వెనక్కి తిరగకుండా, చెయ్యి భుజం మీదుగా వెనక్కి చాపాడు. చేతిలో ట్యూబు పట్టీ ఉంది.

సుందరేశం వంగి చూశాడు. "ఏమిటది?"

"రబ్బరు బాబూ."

పట్టీ ఎనభై తొమ్మిది చూపించింది. ఒకటి, ఆరు, మూడు, ఎనిమిది. చేతిలోంచి రబ్బరు ఎవరో తీసుకున్నారు. కొలత సరిపోయింది. ఆ మోకాలి కొలత అతనికి మూడేళ్లుగా తెలుసు. 

"బాగుంది సార్," అంది గౌరి.

ఎనభై ఎనిమిదికి తగ్గింది.

ఆఖరి కూత మిగిలింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఒక పాయింటు వెనక. వెళ్లింది గౌరి. కూత నిలకడగా ఉంది. రెండు అడుగులూ పడుతున్నాయి. దాలినాయుడు ముప్పై సెకన్లు లెక్కపెడుతున్నాడు. ఇరవై దగ్గర పెద్ద చప్పుడైంది. ఒకరు పట్టారు. ఇద్దరు. ముగ్గురు. మనుషులు మనుషుల మీద పడ్డారు. కూత సన్నగా, కింద నుంచి వస్తోంది. ఆగలేదు. కూత ఉన్నంతసేపూ ఆట ఉంది. గీత తాకితే పట్టుకున్న ముగ్గురూ ఔటు.

అప్పుడు పట్టీ మోగింది.

సుందరేశం లేచి, బెంచీకీ కోర్టుకీ మధ్యకి వచ్చి దాలినాయుడి భుజం మీద చెయ్యి వేశాడు. దాలినాయుడు మణికట్టు చూపించాడు. ఎనభై ఎనిమిది.

మోగుతున్నది పక్క పట్టీ. నూట నలభై రెండు. ఫణిభూషణ్ బెంచీ మీద నిలబడి ఉన్నాడు.

"చెయ్యి చాపు తల్లీ, చాపు, జానెడే ఉంది," అంటున్నాడు.

"ఫణిభూషణ్ గారూ, మీది నూటికి నూరు," అన్నాడు సుందరేశం.

"నూరూ వద్దు ఏమీ వద్దు. పక్కకి తప్పుకోండి సార్, గీత కనబడ్డం లేదు."

ఏది కనబడటం లేదో చూడటానికి సుందరేశం కూడా అటు తిరిగాడు.

ఇరవై ఆరు. దాలినాయుడు నాలుగు సెకన్లు దాచుకున్నది ఇందుకే. వెనక్కి తిరిగాడు. గౌరి ముఖం మట్టిలో ఉంది. నడుం మీద ఒకరు, కాళ్ల మీద ఇద్దరు. ఎడమ మోకాలు, ట్యూబు పట్టీ ఉన్న మోకాలు, నేలని తన్నింది. వేలు గీతని దాటింది. రిఫరీ విజిల్ వేశాడు.

ఆ తరవాత దాలినాయుడి పట్టీ మోగింది. నూట అరవై ఒకటి. ఏది ముందు మోగిందన్న విషయం మీద సుందరేశం రిఫరీని లిఖితపూర్వకంగా వివరణ అడిగాడు. విజిల్ ముందు అని రిఫరీ రాసిచ్చాడు.

*

ఈ విజయం పథకం ఫలితమని మండలి తన నివేదికలో పేర్కొంది. పథకాన్ని వెంటనే క్రీడాకారిణులకి కూడా వర్తింపజేసింది. పన్నెండు మందికీ ప్రశ్న పత్రాలు ఇచ్చారు. ఎందుకు ఆడుతున్నారన్న ప్రశ్నకి పన్నెండు మందీ నాలుగు సమాధానాలూ కొట్టేశారు.

సోమవారం ఐదుంబావుకి పెంటయ్య గేటులో కుర్చీ వేసుకుని పద్నాలుగు కాగితాలు పంచాడు. పన్నెండు అమ్మాయిలవి. ఒకటి దాలినాయుడిది. ఒకటి ఫణిభూషణ్‌ది, సూచిక పంతొమ్మిది. ఫణిభూషణ్ ఆ కాగితం రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు.

"వీళ్లకి త్రోబాల్ వచ్చా నాయుడు గారూ?" అని అడిగాడు.

"నేర్పితే వత్తాది."

చింతలగెడ్డ మైదానం ఇప్పుడు ఖాళీగా ఉంది. దాని సూచిక నూరు. గేటు నుంచి డిపో వెనక పాత టైర్లు పడేసే స్థలం దాకా దాలినాయుడు టేపుతో కొలిచాడు. రెండు వందల మూడు మీటర్లు. టైర్లు గోడ వారకి దొర్లించి, సున్నం సంచి విప్పాడు.

తొమ్మిదో రోజు పొద్దున్న పెంటయ్యకి జ్వరం వచ్చింది. విశ్రాంతి పరిశీలనకి సుందరేశం స్వయంగా బయలుదేరాడు. పద్నాలుగు ఇళ్ల తలుపులు కొట్టాడు. పద్నాలుగో ఇంట్లో సన్యాసమ్మ టీ తాగుతూ రేడియో వింటోంది. డిపో వెనక్కి వెళ్లమని గ్లాసుతోనే చూపించింది.

అతను వెళ్లేసరికి ఆట సగంలో ఉంది. పాత ట్రాక్టరు టైరు మీద ఫణిభూషణ్ కూర్చుని అరుస్తున్నాడు. అతని ముఖం ఆట వైపే ఉంది.

"ఇక్కడ ఏం జరుగుతోంది?" అన్నాడు సుందరేశం.

"విశ్రాంతి బాబూ," అన్నాడు దాలినాయుడు. "రెండు వందల మూడు మీటర్లు. కొలుసుకోండి, టేపు ఇత్తాను."

సుందరేశం టేపు తీసుకోలేదు. రిజిస్టరు తెరిచి, రాయడానికి చోటు కోసం చూసి, ఫణిభూషణ్ పక్కన టైరు మీద కూర్చున్నాడు. పెన్ను మూత తీశాడు. గౌరి కూతకి వెళ్లింది. పెన్ను అలాగే ఉండిపోయింది. ఆమె ఇద్దర్ని తాకి వెనక్కి వచ్చాక చాలాసేపటికి రాయడం మొదలుపెట్టాడు.

ఆ రోజు రిజిస్టరులో ఇలా ఉంది. "పద్నాలుగు మందీ విశ్రాంతిలో ఉన్నారు. 14-11. ఎడమ వైపు పట్టు బలహీనంగా ఉన్నది. రేపు కూడా పరిశీలించవలసి ఉన్నది."